గీకుడమ్మ రేల వరస

చేయవలసిన పనులు ఎనిమిది.

ఒకటి, పొద్దున ఏడు లోపల మొక్కల కవర్ల వరసల మధ్య ఒకసారి నడవాలి. ఊరికే నడవాలి, ఏమీ చేయకూడదు. రెండు, నీళ్ళు మూడు రోజులకొకసారి, కవరుకొక చెంబు. ముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. మూడు, నెలకొకసారి ప్రతి కవరునూ ఎత్తి పక్కకు జరపాలి. కవరు చిల్లులోంచి వేరు నేలలోకి దిగి ఉంటే కత్తిరించాలి, లేకపోతే నాటేరోజు మొక్క అలుగుతుంది. నాలుగు, ఆకుపచ్చ పురుగు కనబడితే మందు కొట్టకూడదు. అది నాలుగు రోజులు తిని పసుపు సీతాకోకచిలుకై పోతుంది, ఆకు మళ్ళీ వస్తుంది. ఐదు, కర్ర కట్టకూడదు. గాలికి ఊగితేనే కాండానికి బలం. ఆరు, కలుపు చేత్తోనే తీయాలి. ఏడు, ఎవరెంత చెప్పినా ఎరువు ఎక్కువ వేయకూడదు. ఎనిమిది, నన్ను చూడటానికి రోజూ ఆస్పత్రికి రావద్దు.

ఈ ఎనిమిదీ అత్త చెబుతుంటే కోడలు ఎక్స్‌రే కవరు వెనక రాసుకుంది. చెప్పినావిడ స్ట్రెచర్ మీద ఉంది. నర్సరీలో నీళ్ళ తొట్టి పక్క నాచుమెట్టు మీద కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని గంటన్నర అయింది. నొప్పికి పళ్ళు బిగబట్టి ఒక్కో పనీ చెప్పింది. ఎనిమిదోది చెప్పేసరికి ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది.

"రాసుకున్నావా మేడంగారూ?"

"రాసుకున్నాను అత్తయ్యా. మీరు ముందు కళ్ళు మూసుకోండి."

"చదువు ఒకసారి."

నర్సు నవ్వాపుకుంటూ స్ట్రెచర్ పట్టుకుని నిలబడితే, కోడలు ఎనిమిదీ చదివి వినిపించింది.

ఇంట్లో అత్తాకోడళ్ళే అయినా పనిలో వరస తిరగబడింది. అత్త మునిసిపాలిటీ నర్సరీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కూలి మనిషి. కోడలు రెండు వైపుల కుటుంబాల్లోనూ డిగ్రీ చదివిన మొదటి మనిషి. రెండేళ్ళ కిందట అదే నర్సరీకి సూపర్‌వైజర్‌గా వచ్చింది. ఇంట్లో అత్త చెప్పిన గిన్నె కడిగి, నర్సరీకి వచ్చి అత్త హాజరు వేయాలి. పేరు పిలిచిన ప్రతిసారీ అత్త బడిపిల్లలా చేయెత్తి "ఉన్నాను మేడం" అనేది. పక్కనున్నవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళు. కోడలి చెవులు ఎర్రబడేవి.

నర్సరీలో అత్తను అందరూ గీకుడమ్మ అంటారు. ఆ పేరు రేలచెట్టు గింజల వల్ల వచ్చింది. రేల గింజ చిన్న గోధుమరంగు బిళ్ళ. దాని పెంకు ఎంత మొండిదంటే, అలాగే పాతిపెడితే ఏడాదైనా నోరు విప్పదు. బారెడు నల్లకాయ పగలగొట్టి, లోపలి జిగురు గుజ్జు కడిగి, ఒక్కో గింజనూ గరుకురాతి మీద ఒక అంచున గీకాలి. మొలక వచ్చే కొన జోలికి పోకూడదు. గోధుమరంగు కింద తెలుపు తొంగిచూడగానే ఆపేయాలి. ఇంకో రెండు గీకులు గీకితే లోపలి ప్రాణానికి గాయం. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో ఒక రాత్రి నానబెడితే గింజ రెండింతలు ఉబ్బుతుంది. ఉబ్బనిది మళ్ళీ రాతి మీదికి. అత్త కుడి బొటనవేలి చర్మం ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ రాయిలాగే అయిపోయింది.

ఆమె పెంచిన మొక్కలు లారీలెక్కి ఎక్కడెక్కడికో పోయాయి. ఏ వీధిలో పాతారో, ఎన్ని బతికాయో ఒక్కసారీ ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆమె నడిచే దారిలో మాత్రం ఆమె చేతి చెట్టు ఒక్కటీ లేదు. వానలు మొదలయ్యే నెలలో ఆమెకు పదవీ విరమణ. ఆ నెలలోనే ఆస్పత్రి వీధిలో, అటు యాభై ఇటు యాభై, నూరు చెట్లు నాటాలని మునిసిపాలిటీ తీర్మానించింది. పెద్ద ఇంజనీరు మనసు మాత్రం కాంట్రాక్టరు తెస్తానన్న విదేశీ మొక్కల మీద ఉంది. అవి రెండేళ్ళలో మేడెత్తు పెరుగుతాయట. కోడలు కాగితాల మీద కాగితాలు పంపి, ఆఖరికి ఆయన చేత ఒక మాట అనిపించింది. వేసవి చివర తనిఖీకి వస్తానని, నూరు రేల మొక్కలు మోకాలెత్తున ఆరోగ్యంగా కనబడితే వీధి వాటిదేనని, లేకపోతే ఇంకో మాట లేదని.

అత్త నూట ఇరవై కవర్లు వేసింది. ఇవే ఆఖరివి. నూట ఇరవై ఒకటో కవరుకు ఆమెకు ఉద్యోగం లేదు.

కోడలు ఎక్స్‌రే కవరును ఆఫీసు గదిలో గోడకు అంటించింది. పొద్దున ఏడుకి ముందే వరసల మధ్య నడిచేది. కలుపు తీసేది, కవర్లు జరిపేది. మూడో రోజు రాగానే నూట ఇరవై చెంబుల నీళ్ళు కొలిచినట్టు పోసేది. పరీక్షకు చదివినట్టే శ్రద్ధగా చేసింది.

మూడో వారానికి ఆకులు పసుపెక్కాయి.

ముందు కింది ఆకులు. తర్వాత నడిమి ఆకులు. కొత్త చిగురు వచ్చినట్టే వచ్చి మాడిపోయింది. కోడలు పాత పాఠ్యపుస్తకాలు దించింది. తెగులా, ఇనుము తక్కువా, వేరుపురుగా? ఆకు తెంపి భూతద్దం కింద పెట్టింది. మట్టి మూటగట్టి పరీక్షకు పంపింది. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అత్త "పిల్లలెలా ఉన్నారు?" అని అడిగితే, "బాగున్నారు, మీరు తినండి" అని మాట దాటేసింది. పెళ్ళయ్యాక అత్తకు ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది.

రాత్రి భర్త దగ్గర బయటపడింది. అతను బస్సు డిపోలో మెకానిక్.

"ఇంజిన్ ఆగిపోతే మేం మొదట ఏం చూస్తామో తెలుసా?" అన్నాడు. "అంతకుముందు దాన్ని ఎవడు ముట్టుకున్నాడో చూస్తాం."

ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగింది. కాంట్రాక్టరు మనిషి ఒకడు మధ్యమధ్యలో నర్సరీ గేటు దగ్గర తచ్చాడటం గుర్తొచ్చింది. మొక్కల మొదట్లో ఏదైనా పోస్తున్నాడేమో! తెల్లవారి ఐదున్నరకే వెళ్ళి, వెనక గేటు తాళం తీసుకుని, ఎరువు కుప్ప చాటున చీర అంచు దోపుకుని కూర్చుంది. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

ముందు వచ్చింది కాపలా తాత. అటూ ఇటూ చూశాడు. పైపు లాగి, రేల వరస మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా నీళ్ళు పట్టాడు. పైపు చుట్టేసి, దానికీ తనకూ సంబంధం లేనట్టు బీడీ వెలిగించాడు.

ఆమె లేవబోయింది. అంతలో గేటు కిర్రుమంది. కొమ్మలు కత్తిరించే కత్తెరక్క పనివేళకు గంట ముందే వచ్చింది. ఆమెను చూసి తాత గబుక్కున తొట్టి వెనక నక్కాడు. కత్తెరక్క చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లి నడక నడిచి, క్యాను నింపుకుని, వరస మొత్తం తడిపింది. ఒక్కో మొక్కతో ఏదో గొణిగింది కూడా. ఆమె ఆఖరి మొక్క దగ్గరుండగా ఎరువు కలిపే ఎరువులక్క రెండు బకెట్లతో దిగింది. ఎదురుపడిన ఇద్దరూ దయ్యాన్ని చూసినట్టు ఆగిపోయారు.

"నువ్వేంటే ఇక్కడ?"

"నువ్వేంటో అది చెప్పు ముందు. ఆ చెప్పులేంటి చేతిలో?"

"కాలికి గుచ్చుకుంటున్నాయి."

"నీ చెప్పులు నీ కాలికి గుచ్చుకుంటున్నాయా?"

కోడలు ఎరువు కుప్ప వెనక నుంచి లేచి నిలబడింది. ఎరువులక్క కెవ్వుమంది. బకెట్ బోర్లాపడింది. ఆ నీళ్ళు కూడా నేరుగా రేల వరసకే పోయాయి.

"తాతా, తొట్టి వెనక నుంచి మీరూ రండి," అంది కోడలు.

ముగ్గురినీ నిలబెట్టి అడిగితే ఒక్కొక్కరూ నీళ్ళు నమిలారు. ఆఖరికి కత్తెరక్క నోరు విప్పింది.

"పోయినేడు నా కూతురికి జ్వరం వచ్చి నెలరోజులు నేను రాలేదు. తిరిగొచ్చి చూస్తే నా వరస పచ్చగా ఉంది. ఎవరు చూశారని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఆవిడేనని నాకు తెలీదా? ఇప్పుడావిడ లేదు. రోజూ సాయంత్రం నీళ్ళు పోద్దామంటే నువ్వుంటావు. అందుకే పొద్దున్నే."

"నా సంగతీ అంతే," అంది ఎరువులక్క. "నా చెయ్యి కాలినప్పుడు."

"మరి ఒకరితో ఒకరు చెప్పుకోవచ్చు కదా అక్కా!"

ముగ్గురూ ఆమెను వింతగా చూశారు. తాత గొంతు సవరించుకున్నాడు.

"చెప్పకూడదమ్మా. అది ఇక్కడి పద్ధతి. మనిషి రాకపోతే వాళ్ళ వరస చూడాలి. చూశామని చెప్పకూడదు. చెప్తే అది సాయం కాదు, దెప్పడం. మీ అత్తగారే పెట్టింది ఈ పద్ధతి."

కోడలు తొట్టి గట్టు మీద కూలబడింది. తాత ఒకసారి, కత్తెరక్క ఒకసారి, ఎరువులక్క ఒకసారి, రోజూ. మూడో రోజున తను. గట్టి ఎండకూ బీడు నేలకూ ఓర్చుకునే చెట్టు వీళ్ళ ప్రేమకు తట్టుకోలేకపోయింది. వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతున్నాయి.

ముగ్గురి మీదా కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. ఎందుకంటే ఇంకొక సంగతి ఆమెకు మాత్రమే తెలుసు. ప్రతి మూడో రోజూ మట్టిలో వేలు పెట్టి చూస్తూనే ఉంది. ప్రతిసారీ వేలికి తడి తగులుతూనే ఉంది. అయినా, మూడు రోజులైంది కదా అని చెంబు ఎత్తింది. వేలు చెప్పిన మాట వినలేదు, కాగితం మీది అంకె మాట వింది. పదహారేళ్ళ చదువులో ఆమెకు అదే అలవాటు.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళింది. అత్త మంచం కిటికీ పక్కనే. కాలి కింద రెండు దిండ్లు. కిటికీలోంచి వీధి, వీధికి అవతల ఒక పొడుగాటి బోసి గోడ. కోడలు స్టూలు మీద కూర్చుని, అబద్ధం చెప్పిన రోజు దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేసింది.

అత్త మొదట నవ్వింది. తాత తొట్టి వెనక నక్కాడని విని ఇంకా నవ్వింది. తుంటి కలుక్కుమని "అమ్మో" అని, మళ్ళీ నవ్వింది. తర్వాత ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"ఎన్ని పోయాయి?"

"తెలీదు అత్తయ్యా. ముప్పై, నలభై."

"నా నోటితో నేను పెట్టిన పద్ధతే," అంది మెల్లగా. "వాళ్ళనేమీ అనకు."

"అనలేదు."

"నిన్ను నువ్వూ అనుకోకు. అనుకుంటూ కూర్చుంటే పనెవరు చేస్తారు? కాగితం తియ్యి."

ఈసారి పనులు నాలుగే. మొక్కల పైన కట్టిన నీడ వల తీసేయాలి. కవర్లన్నీ ఎత్తి ఇటుక ముక్కల మీద పెట్టి, అడుగున ఇంకో రెండు చోట్ల కోయాలి. మెత్తబడిన నల్లవేళ్ళు కత్తిరించాలి. ఇరవై రోజులు ఒక్క చుక్క నీళ్ళు పోయకూడదు.

"ఇరవై రోజులా? ఈ ఎండల్లోనా?"

"తేలిగ్గా ఆరే తడి కాదది. ఆకులన్నీ రాలుస్తాయి. రాల్చనీ. మోడులైపోతాయి. అయిపోనీ. నువ్వు మాత్రం చెంబు ముట్టుకోకు."

"తనిఖీ పద్దెనిమిదో రోజునే అత్తయ్యా. ఇంజనీరుగారు మోడుల్ని చూసి ఏమంటారు?"

"ఏమన్నా అననీ. గోటితో గీకి చూపించు."

చెంబు ముట్టుకోకుండా ఉండటం ఎంత కష్టమో ఆమెకు ఆ రోజుల్లో తెలిసింది. పని చేయడం నేర్పిన చదువు, చేయకుండా ఉండటం నేర్పలేదు. ఆకులు రోజుకు కొన్ని చొప్పున రాలుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య నడిచింది. అత్త రాయించిన మొదటి పని అసలు ఎందుకో అప్పుడు అర్థమైంది. ఊరికే నడవాలి, ఏమీ చేయకూడదు. తాత, అక్కలిద్దరూ ఆమె వెంటే నడిచేవాళ్ళు, ఒకరి చేతుల మీద ఒకరు కన్నేసి.

పదిహేనో రోజుకు నూట ఇరవై కవర్లలో నూట ఇరవై పుల్లలు. కత్తెరక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, మన దగ్గర కానుగ మొక్కలు పచ్చగా నవనవలాడుతున్నాయి. ఒక నలభై తెచ్చి ముందు వరసలో పెడదాం. ఇంజనీరుకి ఏది రేలో ఏది కానుగో తెలిసి చచ్చిందా?"

కోడలికి ఒక్క క్షణం నోరూరింది. ఆ నలభైతో అత్త వీధి అత్తకు వచ్చేస్తుంది.

"వద్దక్కా," అంది. "ఒకసారి అబద్ధం చెప్పినందుకే అప్పటి నుంచి అన్నం సయించట్లేదు."

పద్దెనిమిదో రోజు పెద్ద ఇంజనీరు వచ్చాడు. వరస చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇవి? పొయ్యిలోకి ఆరబెట్టారా?"

ఆమె ఏదీ దాచలేదు. నీళ్ళు ఎక్కువైన సంగతి, వేలికి తడి తగిలినా తను ఆపని సంగతి, ఇరవై రోజుల ఎండబెట్టే సంగతి, అన్నీ వరసగా చెప్పింది. పద్ధతి సంగతి, ముగ్గురి పేర్లు మాత్రం చెప్పలేదు. తర్వాత మొదటి మొక్క దగ్గర కూర్చుని కాండాన్ని బొటనవేలి గోటితో సన్నగా గీకింది. బూడిదరంగు పొర కింద తడిగా, లేతగా ఆకుపచ్చ గీత మెరిసింది.

"ఇది బతికే ఉంది సార్."

రెండోది గీకింది. గోధుమరంగు. "ఇది పోయింది." పక్కకు తీసి పెట్టింది. మూడోది ఆకుపచ్చ.

ఆరో మొక్క దగ్గర ఇంజనీరు కూడా గొంతుక్కూర్చున్నాడు. "ఆగండి, నేను చూస్తాను," అని తన గోరు ఆనించాడు. పచ్చ గీత కనబడగానే ఆయన పక్క మొక్కకు జరిగాడు. అక్కడి నుంచి ఒక వరస ఆయన, ఒక వరస ఆమె. కారు డ్రైవరు హారన్ కొట్టినా ఆయన లేవలేదు. అంతా అయ్యేసరికి ప్యాంటు మోకాళ్ళకు మట్టి అంటింది.

"ఎనభై మూడు," అంది ఆమె. "నూరు లేవు సార్."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. చేతికి మట్టి ఉంది.

ఇంజనీరు గోళ్ళలో మట్టి తీసుకున్నాడు. "నూరు అన్నాను కాబట్టి వీధి మొత్తం ఇవ్వలేను. ఒక వైపు యాభై మీవి, ఒక వైపు యాభై కాంట్రాక్టరువి. మిగిలిన ముప్పై మూడూ ఉంచండి, చచ్చినవాటి చోట పెట్టుకోవచ్చు. ఆస్పత్రి గోడ వైపు మీరు తీసుకోండి, అటు ఎండ తక్కువ."

ఆమె పరుగులాంటి నడకతో ఆస్పత్రికి పోయి ఆ మాట చెప్పింది. అత్త సంతోషించలేదు, బాధపడలేదు.

"ఏ వైపన్నాడు?"

"ఇటు వైపు. మీ కిటికీ కిందే."

"కిటికీ కింద చెట్టు మంచంలోంచి కనబడుతుందా?" అంది అత్త. "నెలన్నర నుంచి ఆ ఎదురుగోడనే చూస్తున్నాను. దాని మీద ఎన్ని పగుళ్ళున్నాయో చెప్పమంటావా? ఎండ ఎక్కువైతే ఎక్కువైంది. రేల అంటేనే ఎండ. అటు వైపు అడుగు."

కోడలు మర్నాడు ఇంజనీరు గదికి వెళ్ళి అదొక్కటే అడిగింది. ఆయన తల ఎత్తకుండానే పటంలో పాత గీత కొట్టేసి, ఎదురుగోడ వైపు కొత్తది గీశాడు.

మొదటి వాన పడిన వారం నాటారు. అంతకు నాలుగు రోజుల ముందే పుల్లల మీద చిగుళ్ళు పొడుచుకొచ్చాయి, రాగిరంగులో, పిల్లి చెవులంత. గుంత మూడడుగుల లోతు. కవరు అడుగు కోసేసి, వేరు మెలిపడకుండా సూటిగా దించాలి. అత్త చేతికర్ర పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చుని, ముక్కు మీద కోపంతో అందరినీ పరుగులు పెట్టించింది. ఆ రోజుతో ఆమె ఉద్యోగం అయిపోయింది. కోడలు ఆఖరిసారి హాజరు పిలిచింది. "ఉన్నాను మేడం," అని అత్త చేయెత్తింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మొదటి రెండేళ్ళలో ఆస్పత్రి గోడ వైపు కాంట్రాక్టరు మొక్కలు మేడెత్తు లేచాయి. రేల వైపు నడుమెత్తు దాటలేదు. జనం వెక్కిరించారు. అత్త కర్ర తాటిస్తూ రోజూ ఆ దారిన నడిచేది. పూత ఎప్పుడని ఎవరైనా అడిగితే, "మీకేం తొందర? బస్సు పోతోందా?" అనేది. ఐదు వేసవులు అలా నడిచింది. పూత చూడలేదు. ఆరో వేసవిలో, ఆమె లేని వేసవిలో, యాభైలో పంతొమ్మిది పూశాయి. ఆకు ఒక్కటీ లేకుండా, కొమ్మ కొమ్మకూ పసుపు గుత్తులు వేలాడి, మంచాల మీదున్నవాళ్ళకు ఎదురుగోడ కనబడకుండా పోయింది.

పూసినప్పుడు అందరూ తలెత్తుతారు. అప్పుడు ఆమెను తలుచుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు, మరిచిపోయినా తప్పు లేదు. కానీ మీ వీధిలో ఎక్కడైనా రేలచెట్టు ఆకంతా రాల్చి ఎండిపోయినట్టు నిలబడి ఉంటే, ఒక్కసారి ఆగండి. కొమ్మను గోటితో సన్నగా గీకి చూడండి. పచ్చగా కనబడితే, ఒక్కో గింజనూ రాతి మీద గీకి ముప్పై ఒక్క ఏళ్ళు మొక్కలు పెంచిన గీకుడమ్మను తలుచుకోండి.

నీళ్ళు మాత్రం పోయకండి.